సైకిల్ ఎక్కని రోజులు

దేవసహాయం మూడోసారి కూడా సదాశివ వెనకే వచ్చాడు. సికింద్రాబాదు గడియారస్తంభం దగ్గర బయలుదేరి, బొల్లారం స్టేషను చుట్టి తిరిగివచ్చే సైకిల్ పందెం అది. ఏటా క్రిస్మస్ వారంలో పెడతారు. మొదటి ఏడు ఓడినప్పుడు సైకిల్ పాతదన్నాడు. రెండో ఏడు గాలి ఎదురుకొట్టిందన్నాడు. మూడో ఏడు, అంటే నలభై ఏడు డిసెంబరులో, చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు.

అతనికి మింగుడుపడని సంగతి ఒకటే. తాను తంతి ఆఫీసులో టెలిగ్రాం తార్లు పంచే జవాను. ఎండనక వాననక రోజుకు పాతిక మైళ్లు తొక్కుతాడు. సదాశివ రాంగోపాల్‌పేటలో ఒక కలప అడితిలో పనిచేస్తాడు. ఇంటి నుంచి అడితికి, అడితి నుంచి ఇంటికి తప్ప సైకిల్ ముట్టడు. తనలో సగం కూడా తొక్కనివాడు తనను ఎట్లా దాటిపోతున్నాడు?

ఇంకా ఎక్కువ తొక్కితే సరి అనుకున్నాడు. డ్యూటీకి వెళ్లేముందు బొల్లారం దాకా ఒకసారి, డ్యూటీ దిగాక మరోసారి. తండ్రి వదిలిపోయిన జేబు గడియారం చూసుకుంటూ జనవరి అంతా అట్లా తిరిగాడు. ఫిబ్రవరికి మోకాళ్లు పట్టేశాయి. నడుము నొప్పి మొదలైంది. హ్యాండిల్ పట్టిన వేళ్లు తిమ్మిరెక్కి, గుమ్మాల దగ్గర తార్ కవర్లు చేతిలోంచి జారిపోతున్నాయి. ఇంతా చేసి గడియారం చూస్తే, పందెం రోజుకన్నా మూడు నిమిషాలు ఎక్కువే పట్టింది.

చివరికి అభిమానం చంపుకుని అడితికి వెళ్లాడు. సదాశివ దుంగ మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

"కూసో. ఏందీ, మొకం గట్లున్నది?"

"నువ్వు ఎవరికీ తెలియకుండా ఎక్కడో తొక్కుతున్నావు. ఎక్కడో చెప్పు."

సదాశివ రొట్టె పక్కన పెట్టాడు. "తొక్కితే గదా చెప్పెటందుకు. నీకు కాళ్లున్నయి, నడుము లేదు. బొల్లారం చడావు ఎక్కేటప్పుడు నీ వెనక వస్తుంటే చూస్తనే ఉన్న. నడుము పాములెక్క ఊగుతది. కాళ్ల బలమంత ఆడనే కారిపోతది. సాయంత్రం నాతోని రా, ఒక జాగకు తోల్కపోత."

ఆ జాగా వజీర్ ఉస్తాద్ తాలీమ్‌ఖానా. రాంగోపాల్‌పేట సందులో ఎర్రమట్టి పరిచిన పొడుగాటి గది. కుస్తీలు పట్టేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, అడితి కూలీలు అక్కడికి వస్తారు. ఉస్తాద్‌కు అరవై దాటాయి. భార్య లేదు. ఒక్కతే కూతురు, ఉస్మానాబాద్ దగ్గర ఊరికి ఇచ్చాడు.

ఆయన దేవసహాయాన్ని చొక్కా విప్పమని, చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "రోజూ తొక్కుతవా?"

"రోజూ అండి. ఒక్కరోజు కూడా మానలేదు."

"అందుకే ఓడిపోతున్నవ్. నౌకరీకి తొక్కేది తొక్కు. దాని మీద ఒక్క మైలు సుత ఎక్కువ తొక్కొద్దు. సోమవారం, బుధవారం, శుక్రవారం ఇక్కడికి రా. మంగళవారం ఒక్కరోజు చడావు మీద జోరుగ తొక్కు, జెర సేపే. గురువారం బాయిల ఈత కొట్టు, మోకాళ్లకు ఆరాం. ఆదివారం ఏం చేయొద్దు."

"ఏమీ వద్దా?"

"ఏమీ. నువ్వు చర్చికి పోతవ్ గదా? నీ కాళ్లకు సుత ఆదివారమే."

దండీలు ఇరవై తీసేసరికి చేతులు వణికాయి. బస్కీలు నలభైకి తొడలు మండాయి. చేతికొకటి చొప్పున కట్టె గదలు తిప్పమంటే, నాలుగో చుట్టుకే భుజం మొరాయించింది. వీటికన్నా కష్టమైంది ఆదివారం. సైకిల్ గోడకు ఆనించి ఉంటే అతనికి ముళ్లమీద కూర్చున్నట్టుండేది. చర్చిలో బల్ల కింద కాళ్లు వాటంతటవే తొక్కేవి. తల్లి మార్తమ్మ తొడ మీద గిల్లేది.

"దేవుడి సన్నిధిలో ఆ ఊపుడేమిట్రా?"

"తెలియకుండా ఊగుతున్నాయమ్మా."

మూడు వారాలకు మోకాళ్ల నొప్పి తగ్గింది. మూడు నెలలకు తిమ్మిరి పోయింది. జూన్‌లో ఒక మంగళవారం బొల్లారం చడావు ఎక్కుతుంటే, ఎప్పుడూ సీటు మీంచి లేచి తొక్కే చోట లేవకుండానే పైకి వచ్చేశాడు. నడుము రాయిలా నిలిచింది. పైన ఆగి, మళ్లీ కిందికి దిగి ఎక్కుదామా అనిపించింది. ఉస్తాద్ మాట గుర్తొచ్చి పళ్లు బిగబట్టి ఇంటికి వచ్చేశాడు.

అప్పటికి ఊరు ఊరుగా లేదు. రజాకార్ల కవాతులు, పుకార్లు, స్టేషనులో మూటలతో జనం. ఆఫీసుకు వచ్చే తార్లన్నీ ఒక్క తీరువే. వెంటనే బయలుదేరి రండి, పిల్లల్ని పంపండి. మార్తమ్మ బెజవాడ పోదామంది. నౌకరీ వదిలి ఎట్లా పోతానన్నాడు.

సెప్టెంబరు పదమూడున యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందన్నారు. తంతి ఆఫీసు మూతపడింది. ఐదు రోజులు ఎవరిళ్లల్లో వాళ్లున్నారు. దేవసహాయం ఆ ఒక్క గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కిటికీ సందులోంచి వీధి చూడటం, బస్కీలు తీయడం, మళ్లీ చూడటం. మూడోరోజు మార్తమ్మ జపంలా అదే మాట అంటూ పోయింది. "కూర్చోరా, నీ పుణ్యముంటుంది. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

పద్దెనిమిదిన పటాలాలు వచ్చాయి. మర్నాడో, ఆ మర్నాడో ఆఫీసు తెరిచారు. దేవసహాయం మొదటి బుధవారమే తాలీమ్‌ఖానాకు వెళ్లాడు. తాళం వేసి ఉంది. పక్కనే ఉన్న ఉస్తాద్ ఇంటి తలుపు తడితే చాలాసేపటికి తెరుచుకుంది. ఉస్తాద్ గడ్డం మాసిపోయింది.

"తార్ వచ్చిందా బేటా?"

కూతురున్న వైపు ఊళ్లల్లో ముసల్మానుల ఇళ్లు తగలబడ్డాయని, మగవాళ్లను చంపుతున్నారని ఎవరో వచ్చి చెప్పిపోయారట. అంతకుమించి ఏమీ తెలియదు.

"లైన్లు ఇంకా కలవలేదు ఉస్తాద్. రాగానే నేనే తెస్తాను."

ఆ మాట ఇచ్చినప్పటి నుంచి అతనికి నిలకడ లేకుండా పోయింది. పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసు చేరి, వచ్చిన కాగితాలన్నీ తిరగేసేవాడు. మధ్యాహ్నం మళ్లీ. డ్యూటీ దిగేముందు మళ్లీ. తార్ లేని రోజు ఉస్తాద్ గుమ్మం తొక్కడమే ఒక శిక్ష. అయినా వారానికి మూడు రోజులు తాలీం వేళకు వెళ్లి, ఆయన పెరట్లోనే దండీలు తీసేవాడు. ఇంకెవరూ రావడం లేదు.

అడితికి వెళ్లి సదాశివను అడిగాడు. సదాశివ తల వంచుకున్నాడు.

"ఆ గల్లీకి పోతే నలుగురు ఏమనుకుంటరో. రజాకార్లెవరోనని పోలీసులు సుత చూస్తున్నరట. నువ్వు కూడ పోయేముందు జెర సోంచాయించు."

"మనకు నడుము నిలబెట్టింది ఆయన కాదా?"

సదాశివ రంపం అందుకున్నాడు.

ఆ సాయంత్రం పెరట్లో దేవసహాయం బస్కీలు పైకే లెక్కపెట్టుకుంటూ తీశాడు. ఎప్పుడూ లెక్కపెట్టే ఉస్తాద్ నులక మంచం మీద గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు.

"ముప్పై ఒకటే," అన్నాడు ఉస్తాద్ ఇటు తిరగకుండానే. "దొంగ లెక్క పెట్టకు. పూరా కూసొని లేవలే నువ్వు."

దేవసహాయం మళ్లీ ముప్పై రెండు నుంచి మొదలుపెట్టాడు.

అక్టోబరు చివర్లో ఆ తార్ వచ్చింది. సరిహద్దు అవతలి బార్షీ నుంచి. అది చదివి అతను ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాడు. తర్వాత సైకిల్ ఎక్కాడు. అర మైలు కూడా లేని ఆ దారిలో ఎన్నడూ అంత నెమ్మదిగా తొక్కలేదు.

ఉస్తాద్ కాగితం తీసుకోలేదు. "చదువు."

"అమ్మాయి, ఇద్దరు పిల్లలు బార్షీలో క్షేమం. వచ్చి తీసుకెళ్లండి."

"ఇంకోసారి చదువు."

చదివాడు.

"అల్లుడి పేరు లేదు."

"లేదు ఉస్తాద్."

ముసలాయన లేచి, ట్రంకు పెట్టెలోంచి శుభ్రమైన షేర్వాణీ తీశాడు. "రేపు పొద్దుగాల బండి ఎప్పుడో కనుక్కో బేటా."

దేవసహాయం అక్కణ్నుంచి తిన్నగా సదాశివ ఇంటికి పోయాడు. గుమ్మంలో నిలబడే విషయం చెప్పాడు. రమ్మని అడగలేదు. కానీ మర్నాడు బండి కదిలేముందు సదాశివ ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో రొట్టెల మూట. "బార్షీ దాక నేను సుత వస్త ఉస్తాద్. పిల్లలున్నరు, సామానుంటది," అని బండి ఎక్కేశాడు. ఉస్తాద్ జరిగి జాగా ఇచ్చాడు.

ఆ డిసెంబరులో పందెం జరగలేదు. తాలీమ్‌ఖానా కొత్త సంవత్సరంలో తెరిచారు. మొదట నలుగురు, ఎండాకాలానికి పదిహేను మంది.

పందెం మళ్లీ నలభై తొమ్మిదిలో పెట్టారు. చడావు మీద దేవసహాయం సదాశివను దాటాడు. సదాశివ పక్కకు తప్పుకుని "పో, పో" అన్నాడు. కానీ ఇంకో మైలున్నర ఉండగానే దేవసహాయం ఉన్న బలమంతా పెట్టేశాడు. చివరి మలుపులో, మిలిటరీ లారీ నడిపే కొత్త కుర్రాడొకడు సైకిల్ పొడుగు తేడాతో అతన్ని దాటి గెలిచాడు. జేబు గడియారం చూసుకుంటే, తన పాత లెక్కకన్నా ఐదు నిమిషాలు తక్కువ.

జనం గెలిచినవాడి చుట్టూ మూగారు. ఉస్తాద్ మాత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని ఇటు వచ్చాడు. అతని నడుము మీద అరచేయి పెట్టి చూశాడు.

"ఇది బాగున్నది. కాళ్లు సుత బాగున్నయి. తొందరపడ్డవ్."

"అవును ఉస్తాద్. ఆగలేకపోయాను."

"దానికి కస్రత్ నా దగ్గర లేదు బేటా."

దేవసహాయం నవ్వి, పిల్లను ఎత్తి సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టాడు. ముగ్గురూ నడుచుకుంటూ రాంగోపాల్‌పేట వైపు మళ్లారు.