కొండెక్కిన దీపాలు

దీపాన్ని "ఆర్పాను" అనడానికి బడి ఆయమ్మకు నోరు రాదు. వాళ్లమ్మ నేర్పినట్టు "దీపం కొండెక్కింది" అనే అనేది. పెద్ద మేడం కరెంటు పొదుపు పుస్తకం చేతికిచ్చి, "రోజూ ఏ గదిలో లైట్లూ ఫ్యాన్లూ ఎన్నింటికి ఆపావో రాయి" అన్నప్పుడు ఆమె శ్రద్ధగా అలాగే రాసింది. "సాయంత్రం అయిదు. ఏడో గది కొండెక్కింది. ఎనిమిదో గది కొండెక్కింది."

మూడు నెలల తరువాత ఆ పుస్తకం పై ఆఫీసుకు వెళ్లింది. అక్కడివాళ్లకు తెలిసినవి కొండెక్కే ధరలే. పందొమ్మిది గదుల్లోనూ రోజూ సాయంత్రానికి కరెంటు వాడకం కొండెక్కుతోందని కంగారుపడి ఒక ఇంజినీరును పరుగెత్తించారు.

అతను మీటరు చూసి బుర్ర గోక్కున్నాడు.

"వాడకం బాగా తగ్గింది కదమ్మా! కొండెక్కిందని రాశారేంటి?"

"దీపాన్ని ఆర్పాననకూడదు బాబూ."

"ట్యూబులైటుని కూడానా?"

"ట్యూబులైటైతే మాత్రం? వెలుగు వెలుగే గదా."

"మరి ఫ్యాన్లు కూడా కొండెక్కాయే!"

"అన్నీ ఎక్కాక వాటిని మాత్రం కింద వదిలేస్తే ఏం బావుంటుంది?"

పెద్ద మేడం నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంది. ఇంజినీరూ నవ్వాడు. "ఇక మీకీ తిప్పలన్నీ ఉండవులెండి. టైమరు పెడుతున్నాం. అయిదు కొట్టేసరికి అన్నీ వాటంతటవే ఆగిపోతాయి. పిల్లలతోపాటు మీరూ నాలుగింటికే ఇంటికెళ్లొచ్చు."

ఆయమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఇంటికి వెళ్తే ఏముంది? ఈ బడికే ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన భర్త పోయి నాలుగేళ్లయింది. పొద్దున్న మంచం మీద వదిలిన దువ్వెన సాయంత్రానికీ అక్కడే ఉంటుంది. నోరు విప్పి మాట్లాడేది బడిలో ఆ చివరి గంటే. "ఏమ్మా మూడో తరగతీ, ఇవాళ నీ అల్లరికి పైకప్పు లేచిపోయిందే" అంటూ కింద పడ్డ పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, స్విచ్చు నొక్కి, పక్క గదికి వెళ్లేది. పందొమ్మిది గదులు, పందొమ్మిది పలకరింపులు. ఆ పలకరింపులతోనే ఆమె రోజు గడిచేది.

అయితే టైమరు అనుకున్నంత సులువుగా కుదరలేదు. నీళ్ల మోటారును ఆపకుండా గదుల లైన్లు మాత్రమే ఆపాలి. బోర్డులో ఏ తీగ ఎటు పోతుందో రాసి పెట్టినవాళ్లు లేరు. ఇంజినీరు రెండు రోజులు కుస్తీపట్టి చేతులెత్తేశాడు.

"గోడలు తవ్వితే గానీ తేలదు మేడం. తవ్వడానికి మాకు అనుమతి లేదు. రేపటికి కుదరకపోతే మీ బడిని పొదుపు పథకం జాబితాలోంచి తీసేస్తారు. పైఅంతస్తులో వేడి తగ్గడానికి పైకప్పు మీద వేయాల్సిన తెల్ల పూత కూడా ఇంకో బడికి పోతుంది."

ఆయమ్మ చీపురు పట్టుకుని వింటూనే ఉంది. ఆ తీగల సంగతి భర్త అన్నం తింటూ తింటూ ఎన్నిసార్లు చెప్పాడో! ఆమెకు అంతా కంఠతా వచ్చు.

ఆ సాయంత్రం ఇంట్లో పూజగదిలో కూర్చుని అడిగింది. "స్వామీ, ఎవరూ నన్నడగలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధమాడినట్టా?" దేవుడు ఎప్పటిలాగే ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడాన్ని ఏమనుకోవాలో ఆమెకు ఆ రోజు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం మంచినీళ్ల బిందెతో పైకి వెళ్లింది. అయిదో తరగతి గది పొయ్యి మీద మూకుడులా ఉంది. ఫ్యాను గిరగిరా తిరుగుతూ వేడిగాలినే కిందికి కొడుతోంది. పంతులమ్మ హాజరు పుస్తకంతో విసురుకుంటోంది. ఒక పిల్ల పాఠం వదిలేసి చెంపను నేలకు ఆనించి పడుకుంది.

"ఏమైందే?"

"ఏం కాలేదు ఆయమ్మా. ఇక్కడ కొంచెం చల్లగా ఉంది."

ఆయమ్మ బిందె దించి, గబగబా మెట్లు దిగి, సామాను సర్దుకుంటున్న ఇంజినీరు ముందు నిలబడింది.

"మోటారు తీగ కిటికీ పక్కనుంచి వస్తుంది బాబూ. మా ఆయన దానికి రెండు ముళ్లు వేశారు. మిగతావన్నీ గదులవే. ఎడమనుంచి వరసగా కింది గదులు, తరవాత పైవి."

అతను చూశాడు. రెండు ముళ్లూ ఉన్నాయి.

"ఇంత తెలిసీ మూడ్రోజులు చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను." ఆమె తల వంచుకుంది. "తప్పే."

అతను సర్దిన సామాను మళ్లీ విప్పాడు.

వారం తిరిగేసరికి పైకప్పుకు పూత పడింది, గోడకు టైమరు బిగిసింది. పొదుపు పుస్తకం బీరువాలోకి వెళ్లింది. నాలుగింటికి వెళ్లిపోవచ్చని పెద్ద మేడం మరీ మరీ చెప్పినా ఆయమ్మ ఉండిపోయింది. మూడో తరగతిలో నిలబడి, "ఏమ్మా, ఇవాళ నీకు..." అంటుండగా లైటు ఆరిపోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. స్విచ్చు మీదకు వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్ని గదులూ ఒక్కసారే కొండెక్కాయి. ఎవరినని పలకరిస్తుంది?

మెట్లెక్కి పైకి వెళ్లి అయిదో తరగతి గోడకు అరచెయ్యి ఆనించింది. అంత కాలడం లేదు. కాసేపు అలాగే ఉంచింది.

బయటికి వచ్చి చూస్తే, ఇంటికి వెళ్లడానికి ఇంకా బోలెడు వెలుతురుంది.