రాణమ్మ ఎదుట భోజనం

పొద్దున్నే ఆమె టీ కంటే ముందు చూసుకునేది తొట్టి నీళ్లలో ఉప్పు. ముందుగదిలో గోడ వారగా ఉప్పునీళ్ల తొట్టి, అందులో పగడపు రాళ్లు, వాటి మధ్య పసుపురంగు సీతాకోక చేప ఒకే ఒక్కటి. పేరు రాణమ్మ. చిటికెడు ఉప్పు ఎక్కువైనా, నీళ్లు కాస్త వేడెక్కినా అలిగి రాళ్ల సందులో దూరిపోయేది. అబద్ధం వింటే మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయేది. "ఇది గట్టి ప్రాణమండీ, ఏం పెట్టినా తింటుంది" అని చేపల షాపాయన అంటుండగానే సంచిలో తెల్లబడింది. అయినా ముచ్చటపడి కొనుక్కొచ్చారు, ఏం చేస్తాం!

సుకుమారమైన ప్రాణం కదా అని అందరూ సర్దుకుపోయారు. అబద్ధం ఆడాల్సి వస్తే వరండాలోకి వెళ్లి ఆడేవారు. ఆమె మొగుడు లిఫ్టు మెకానిక్. ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి ఫోన్ చేయాలంటే చెప్పులేసుకుని మరీ బయటికి వెళ్లేవాడు. పక్కింటి పిన్నిగారు తన వయసు మాటెత్తాల్సి వస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

అలాంటి రాణమ్మ ఉన్నట్టుండి తిండి మానేసింది. రొయ్య ముక్క వేసినా, ఆల్చిప్ప విప్పి పెట్టినా నోటిదాకా తీసుకుని ఉమ్మేసేది. పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఆమె చేపల షాపాయనకి ఫోన్ చేసింది.

షాపాయన వచ్చి చూశాడు. "దీనికి బెరుకమ్మా. ఎదురుగా ఎవరైనా తింటుంటే చూసి తనూ తింటుంది. ఈ వారంలో తినకపోతే బతకదు."

చేప రంగు మారలేదు. అంటే నిజమే.

ఇంకేం, వంటింట్లో భోజనాలు తొట్టి ముందుకి మారాయి.

ఆ ఇంట్లో వంట మొగుడిది. పెళ్లైన కొత్తలో ఒకరోజు సరదాగా కూర వండి, "ఎలా ఉంది?" అని ఆశగా చూశాడు. ఆ మొహం చూసి ఆమె "అద్భుతం" అనేసింది. కళ్లద్దాల షాపులో పనిచేసే మనిషి, ఎవరు ఏ ఫ్రేము పెట్టుకున్నా "మీకు భలే నప్పిందండీ" అనడం నోటికి అలవాటు. ఆ అద్భుతాన్ని అప్పట్నుంచీ రోజూ తింటోంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కంచాలు పట్టుకుని తొట్టి ముందు చతికిలబడ్డారు. రాణమ్మ రాళ్లలోంచి తొంగిచూసి, మెల్లగా ఆల్చిప్ప దగ్గరికి వచ్చింది.

"ఒక మాట. రేపు ఉద్యోగం మానేస్తున్నా" అన్నాడు మొగుడు. "హోటల్ పెడదాం. నా చేతి వంట నువ్వొక్కదానివే తింటే ఏం లాభం? ఊరంతా తినొద్దూ? ఇంతకీ కూరెలా ఉంది?"

ఆమె ముద్ద మింగేసింది. అలవాటుగా "అద్భు..." అనబోయింది. రాణమ్మ తోక చివర తెల్లబడింది.

"వేడిగా ఉంది" అంది గబుక్కున.

తోకకి రంగొచ్చింది.

"వేడి సరే. రుచి?"

"ముక్కలు బోలెడున్నాయి."

రాణమ్మ ఆల్చిప్పని ఒక్కసారి కొరికింది.

"బాగుందో లేదో చెప్పవే తల్లీ!"

"బా... బాగుంది."

చేప సున్నమైపోయింది. నోట్లో ముక్క కక్కేసి పక్కకి ఒరిగింది. మొగుడు చేపని చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

ఆమె భోరుమంది. "బాగోలేదండీ! ఏనాడూ బాగోలేదు. మొదటిరోజు మీ మొహం చూసి అనేశాను, ఆ తర్వాత ఎలా దిద్దుకోవాలో తెలియలేదు. మీ హోటల్‌కి ఒకసారి వచ్చినవాడు మళ్లీ ఆ వీధిలోకి రాడు. మీకు దణ్ణం పెడతాను, ఉద్యోగం మానకండి!"

ఒరిగిన చేప నిటారుగా లేచింది. మొగుడు కంచం కింద పెట్టాడు.

"అయితే ఇన్నేళ్లూ తెల్లారకముందే లేచి ఉల్లిపాయలు తరుక్కుంటూ నేనెందుకు ఏడ్చినట్టు?" అన్నాడు. "నాకసలు వంటంటేనే చిరాకు. నీకిష్టమని చేస్తున్నా!"

"మరి హోటలెందుకండీ?"

"చేతిలో ఇంత విద్య పెట్టుకుని వృథా చేస్తున్నానని నా బాధ! నాకు నచ్చేది లిఫ్టులే."

రాణమ్మ పసుపు చెక్కుచెదరలేదు. మళ్లీ ఆల్చిప్ప మీద పడింది. ఆమెకి ముందు నవ్వొచ్చింది, తర్వాత అతనికి. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "కూర సంగతి తేలింది. మరి నేనెలా ఉన్నాను?"

"మీరా? మీరంటే నాకు ప్రాణం" అంది.

ఇద్దరూ ఒకేసారి తొట్టి వైపు తిరిగారు.

రాణమ్మ తలెత్తను కూడా లేదు. పసుపుగా మెరిసిపోతూ, ఆబగా, ఆల్చిప్ప ఖాళీ చేస్తోంది.