పన్నెండో సంతకం

"ఊరికే కూర్చున్నావుగా, ఇది రాసిపెట్టు" అంది వదిన, అంటే మా ఆయన అక్క సుబ్బరత్నం, ఒక కాగితం నా ఒళ్ళో పడేసి. నేను ఊరికే కూర్చోలేదు. చేటలో గోరుచిక్కుళ్ళు పోసుకుని ఈనెలు తీస్తున్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కానీ మా ఇంట్లో నిలబడితేనే పని, కూర్చుంటే ఊరికే. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో తెలియదు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడేమీ అనిపించడం లేదు.

మాచర్లలో మేం ఇరవై రెండు మంది ఆడవాళ్ళం ఒక చేతిరాత పత్రిక నడుపుకుంటున్నాం. పేరు 'ముంగిలి'. ఎనభై రెండులో మొదలుపెట్టాం, నాలుగేళ్ళయింది. నెలకొక సంచిక, ఒకే ఒక్క ప్రతి. ఇంటికొక రోజు చొప్పున తిరుగుతుంది. చదివిన వాళ్ళు అంచుల్లో తమ మాట కూడా రాసి పక్కింటికి ఇస్తారు. ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో చెప్పేది వదిన. సంపాదకురాలు. జీతం లేదు, "సేవ చేస్తన్నా" అంటుంది. సేవ ఆమెది, రాత నాది. ఎవరు ఏం పంపినా నా గుండ్రటి అక్షరాల్లోకి మారాల్సిందే. నాదంటూ ఒక్క ముక్కా అందులో లేదు. రాద్దామనుకున్న రోజులు కొన్ని ఉండేవి. తర్వాత అవీ రావడం మానేశాయి.

పోయిన నెల అంజమ్మ ఒక పేజీ పంపింది. ఆమె భర్త వీరయ్య రాళ్ళ క్వారీలో మేస్త్రీ. కూరలో ఉప్పు తగ్గిందని అన్నం కంచాన్ని ఎలా తన్నాడో, చెదిరిన మెతుకులు ఏరుతుంటే పిల్లలు ఎలా చూశారో రాసింది. కింద, 'నా పేరు తెలియనివ్వొద్దు' అని కూడా రాసుకుంది. వదిన దాన్ని వెయ్యలేదు. మడిచి పట్టుకుని తిన్నగా అంజమ్మ అత్త దగ్గరికి పోయింది, నన్ను తోడు తీసుకుని. "మీ కోడలు ఏం రాసిందో వినండి" అని, అద్దాలు మర్చిపోయానంటూ కాగితం నా చేతికిచ్చింది. నేను చదివాను. ఆపాల్సిన చోట ఆపి, స్పష్టంగా, బళ్ళో పాఠం చదివినట్టు చదివాను. గుమ్మం పక్కన అంజమ్మ నిలబడి ఉంది.

మర్నాడు పంపు దగ్గర అంజమ్మ పెదవి వాచి ఉంది. "అక్కా, నువ్వు చదవతంటే చానా బాగుంది నేను రాసింది" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. నా బిందె నిండి కాళ్ళ మీదుగా నీళ్ళు పారుతున్నా అలాగే నిలబడ్డాను. సిగ్గేసింది. అదీ ఇంటికొచ్చేదాకే.

మా పత్రికకు ఒక నిబంధన ఉంది. సభ్యుల్లో సగానికి పైగా సంతకాలు చేసి కోరితే సంపాదకురాలు పత్రిక అప్పగించి తప్పుకోవాలి. మొదటి సంచికలో ఎలిజబెత్ టీచరు పట్టుబట్టి రాయించింది. "నన్నెవరు దించుతారే" అని వదిన అప్పుడు నవ్వింది. ఇప్పుడా టీచరే కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు సంతకాలయ్యాయి. పన్నెండు కావాలి. మా ఇంటికొచ్చి, "నువ్వొక్కదానివి పెడితే చాలమ్మా" అంది. పొయ్యి మీద అన్నం ఉందన్నాను. ఆమె కాగితాన్ని నా బియ్యం డబ్బా మీద పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయనకు ఎలా తెలిసిందో తెలిసింది. "మా అక్క మీద సంతకం పెట్టావనుకో, ఆ చేత్తోనే మీ నాయనకు ఉత్తరం రాసుకో, వచ్చి తీసకపొమ్మని" అన్నాడు. అరవలేదు. కంచంలో పెరుగు వేయించుకుంటూ అన్నాడు.

ఇవాళ వదిన తెచ్చిన కాగితంలో ఉన్నది ఇదీ: 'సభ్యుల పట్టికలో లేని పేర్లతో చేసిన సంతకాలు చెల్లవు.' ఆమె అన్నదీ నిజమే. టీచరు కాగితం మీద అందరూ ఎవరి పేరు వాళ్ళే పెట్టారు. ఆ పట్టికలో అంజమ్మ లేదు, ఎలిజబెత్ లేదు, ఎవరూ లేరు. వీరయ్య గారి భార్య ఉంది, ఆదినారాయణ గారి కోడలు ఉంది. రాసింది నేనే. ఆ రోజు నాకు బాగా గుర్తు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా, ఒకామె క్యాలెండర్లో బొమ్మ చూపించింది, ఒకామె పిల్లనడగమంది, మిగిలినవాళ్ళం పొడుపు కథలు విప్పినట్టు విప్పుకుంటూ మధ్యాహ్నమంతా కడుపుబ్బ నవ్వుకున్నాం. ఎవరి పేరు వాళ్ళు చెబితే అయిపోయేది. ఇరవై రెండు మందిలో ఒక్కరికీ తోచలేదు. మా ఆయనది ఊళ్ళో దేవుడి పేరే. గుళ్ళో కూడా నేను స్వామీ అని ఊరుకుంటాను. ఆ పేరు రాయడానికి సైతం చెయ్యి రాక, ఆ ఒక్క వరుసా వదిన చేత రాయించాను.

వదిన వెళ్ళాక చేట పక్కన పెట్టాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం మార్చకుండా కొత్త సంచికలోకి ఎక్కించాను. తర్వాత పెట్టెలోంచి పాత పట్టిక తీశాను. పట్టిక రాసే పని నాదే, నాలుగేళ్ళుగా ఎవరూ కాదనలేదు. స్కేలు పెట్టి మొదటి వరుస కొట్టేశాను. బాలకోటయ్య గారి భార్య. పక్కన సుబ్బరత్నం అని రాశాను. వీరయ్య గారి భార్య, అంజమ్మ. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. వాళ్ళు కాగితాల అడుగున రాసిపంపే పేర్లను ఫలానా వారి భార్యలుగా మార్చింది ఈ చెయ్యేగా. నా వరుస ఆఖర్న మిగిలింది. వదిన రాతలో ఉన్న ఆ పేరు మీద గీత గీసి, పేరిందేవి అని రాశాను. మా అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచిన వాళ్ళు లేరు. దీర్ఘం ఎక్కడో ఒక క్షణం తడుముకున్నాను. టీచరు కాగితం మీద పన్నెండో సంతకం కూడా అదే పేరుతో పెట్టాను. పక్కన ఒక ఇన్లాండ్ కవరు తెచ్చి పెట్టుకున్నాను. రాయాల్సొస్తే రాస్తాను, కలం చేతిలోనే ఉంది.

మా ఆయన లారీ ఆఫీసు నుంచి భోజనానికి వచ్చాడు. పప్పు మాడిన వాసన వస్తోంది.

"ఏంది రాస్తన్నావు? అక్క చెప్పిందేనా?"

"అక్క చెప్పింది అయిపోయింది. పట్టిక సరిచేస్తున్నాను."

వంగి చూశాడు. వేలితో పైనుంచి కిందిదాకా వెతికాడు. "నా పేరుండాలే ఇందులో. ఏదీ?"

"చెన్నకేశవులు" అన్నాను, ఆయన ముఖంలోకి చూస్తూ. "కొట్టేశాను."