నది కనిపించే గదులు

నాన్న కట్టిన లాడ్జికి తమ్ముడు యజమాని. నేను అందులో దుప్పట్లు ఉతికే అక్కని. జీతం లేదు కాబట్టి నోరు ఉంది.

ఆ యేడు టూరిస్టు బస్సులవాళ్లు కొత్త మజిలీ వెతుకుతున్నారనీ, వాళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక పూట ఉండి చూస్తాడనీ కబురొచ్చింది. ఆయన సరేనంటే లాడ్జి నిలుస్తుంది. కాదంటే తాళమే.

దాంతో తమ్ముడికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. లాడ్జికీ ఏటికీ మధ్య గట్టు పొడవునా రెల్లు, తుంగ, తుమ్మపొదలు మనిషెత్తున పెరిగి ఉన్నాయి. అవి తీసేస్తే కిటికీలోంచి నది కనిపిస్తుందన్నాడు. మా ఏట్లో నీళ్లు పిల్లి తాగడానికి సరిపోతాయి, మిగతాదంతా ఇసుకే. ఆ మాటంటే నాకు అందం తెలీదన్నాడు. కూలీలను పెట్టి వేళ్లతో సహా పీకించాడు. ఉతికేగది వెనక పొదల దగ్గరికి వచ్చేసరికి నేను అడ్డం పడ్డాను. దారిన పోయేవాళ్లందరికీ అక్కడ ఆరేసిన నా లోలంగాలు చూపించాలా అని అడిగితే సిగ్గుపడి వదిలేశాడు. నాది ముందుచూపేమీ కాదు, ఉత్త లంగాల గొడవ.

'నది కనిపించే గదులు' అని బోర్డు వెలిసింది. వెనకాలే గాలికాలం వచ్చింది. ఇన్నాళ్లూ పొదల్లో చిక్కుకుని నీరసించే గాలి, ఇప్పుడు ఏట్లో ఇసుకంతా మోసుకుని తిన్నగా మెట్లెక్కింది. టీలో ఇసుక, దిండులో ఇసుక, తాళం కన్నంలో ఇసుక. వేళ్లు పోయిన గట్టు కూడా పొడిపొడిగా లేచి మా కూరమడి మీద పడింది. వంగమొక్కలు నిలువునా పూడిపోయాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కిటికీలన్నీ మూసి తడి దుప్పట్లు వేలాడదీశాం. ఆయన బోర్డు చదివి, నది ఏదని అడిగాడు. తమ్ముడు దుప్పటి తప్పించి కిటికీ కాస్త తెరిచాడు. నది లోపలికే వచ్చేసింది.

ఆయన తుమ్ముకుంటూ, కళ్లు నులుముకుంటూ మొహం కడుక్కోవడానికి కిందికి దిగాడు. ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే ఉతికేగదిలో కిటికీ బార్లా తెరుచుకుని, ఇస్త్రీ దుప్పట్ల దొంతి మీద వాలి గుర్రు పెడుతున్నాడు. దుప్పట్ల మీద ఇసుక లేదు. తమ్ముడు కిటికీ అవతలి పొదల్ని చూశాడు, వాటి మీది నా లంగాల్ని చూశాడు, తల గోక్కున్నాడు.

ఆయన లేచాక చెప్పింది ఒకటే. "ఈ గది హాయిగా ఉందమ్మా. అన్నీ ఇలా చేయండి. మళ్లీ గాలికాలానికి వచ్చి చూసి చెబుతాను."

గట్టంతా తిరిగి నాటడానికి దుబ్బులు కావాలంటే దగ్గర్లో మిగిలింది నా పొదే. తమ్ముడు పార పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అడగలేక. నాన్న పోయిన రోజు కూడా వాడు అలాగే నిలబడ్డాడు. నా కోపమంతా నీరుగారిపోయింది.

"సగం తవ్వుకో. మిగతా సగం మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"వేయనక్కా."

ఇప్పుడు చీర జాడిస్తే ఇసుక రాలుతోంది. నా లంగాల సంగతి లోకానికంతా తెలిసిపోయింది. అయినా పొద్దున్నే టీ కూడా తాగకుండా, ఏ దుబ్బు చిగురేసిందోనని గట్టు మీద వంగి చూస్తున్నాను.

తమ్ముడు నాకంటే ముందే వచ్చి కూర్చుంటున్నాడు. మొదటి చిగురుకి గాలి కొట్టకుండా, ఆ బోర్డు ఊడబీకి తెచ్చి అడ్డం పెట్టాడు.