తిజానీ వాళ్ళ గుమ్మం

ఆదివారం సెలవైనా తిజానీ చేతులు ఊరుకోలేదు. చీకట్లోనే లేచి పిండి పిసికి, రొట్టెలు కాల్చి, గుడ్డలో మూటగట్టాడు. తెబూర్సూక్ ఊరి బజార్లో రొట్టెల బట్టీ ముందు బతుకంతా నిలబడ్డ మనిషి. మోచేతుల దాకా కాలిన మచ్చలు, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని పిండి.

కూతురు మబ్రూకాతో, ఆరేళ్ళ మనవరాలు రీమ్‌తో కొండెక్కాడు. పైనున్న రోమన్ శిథిలాల్లోనే అతను పుట్టాడు. ఆ రాళ్ళ మీదే మట్టిగోడలు లేపుకొని ఒక ఊరు కాపురముండేది. తవ్వకాల వాళ్ళొచ్చి ఊరిని కిందికి దింపేశారు. ఆ కోపంతో మళ్ళీ ఇటు కాలు పెట్టలేదు మహానుభావుడు. ఇప్పుడు మాత్రం తను పుట్టిన గది చూపిస్తానని మనవరాలికి మాటిచ్చాడు.

తీరా చూస్తే మట్టిగోడలన్నీ పీకేసి రోమన్లవి మాత్రం ఉంచారు. ఏ గుమ్మం చూసినా ఒక్కలాగే ఉంది. ఒక దాని ముందు తోలుచెప్పులు విడిచి లోపలికెళ్ళాడు, బుర్ర గోక్కుంటూ బయటికొచ్చి తొడుక్కున్నాడు. ఇంకో గుమ్మం దగ్గరా అదే తంతు. రీమ్ అతని చెప్పులు తట్టుకొని పడబోయింది.

"దారికడ్డంగా వదిలావేంటి తాతా?"

"మా అమ్మ చూస్తే చీపురు తిరగేసేదే. చెప్పులు గోడవారన పెట్టాలి ఆవిడకి."

"మరి పెట్టు."

"మా ఇల్లైతే కదా పెట్టేది."

మబ్రూకా విసుక్కుంది. "ఏదో ఒకటి చూపించెయ్ నాన్నా. దానికేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదమ్మా."

పుట్టిన ఇంటిని పోల్చుకోలేకపోవడం అతనికి సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. అసలిక్కడ బతికాడా, లేక అదంతా కలా? అంజూరపు చెట్టు కుడివైపు ఉండేదా, ఎడమవైపా? ఆ గదిలో ఓ మూల రాయి నల్లగా కనిపిస్తే వేలితో రుద్ది వాసన చూశాడు. మసేనేమో. అమ్మ పొయ్యిదేనేమో. వానకి పట్టిన పాచి కూడా కావచ్చు.

"ఇదేనా తాతా?"

"ఏమోనే తల్లీ. కాసేపు కూర్చోనీ. దాహంగా ఉంది, నీళ్ళు తెండి."

తల్లీబిడ్డా కింది కుళాయికి వెళ్ళొచ్చేసరికి నల్లరాయికి వీపు ఆనించి, ఒళ్ళో రొట్టెల మూటతో కళ్ళు మూసుకొని ఉన్నాడు. తాత నిద్రపోయాడని రీమ్ గుసగుసలాడింది. మబ్రూకా చెయ్యి పట్టి చూసింది, మళ్ళీ చూసింది. నీళ్ళసీసా నేల మీద పెట్టి, అక్కడే చతికిలబడి ఏడ్చింది.

శిథిలాల కాపలావాళ్ళు అతన్ని దుప్పట్లో మోసుకెళ్ళారు. ఆ హడావిడిలో చెప్పుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అవి గుమ్మం పక్కన, దారికి అడ్డం లేకుండా, గోడవారన జంటగా పెట్టి ఉన్నాయి.