చిన్నోడి ఇసుక

ఇనుము పోత పోసే ఫౌండ్రీలో చిన్నోడి పని పిడికెడు ఇసుక పట్టి చూడటంతో మొదలయ్యేది. పిసికితే ముద్దవ్వాలి, విరిస్తే పొడి కాకుండా రెండు ముక్కలవ్వాలి. అప్పుడే అచ్చు నిలుస్తుంది. తలంతా నెరిసినా ఆయన చిన్నోడే, అన్న పెద్దోడు ఉండేవాడు మరి. ఇసుక నింపిన అచ్చు పెట్టెను అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టి తిప్పేవాళ్లు.

పెద్దోడు పోయాడు. చిన్నోడు మర్నాడే పనికొచ్చాడు. కంట చుక్క రాలేదు. అన్నం తింటే రుచి తెలియలేదు.

కానీ అమ్మలారా, అయ్యలారా, దేవుడు మనిషి కళ్లకిచ్చిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆయన చెయ్యి పెట్టిన ఇసుకలోకే పోయాయి. తడి ఎక్కువైన ఇసుకలో కరిగిన ఇనుము పోస్తే ఆవిరి పుట్టి, బయటపడే దారిలేక లోపలే బుడగలై ఉండిపోతుంది. చిన్నోడి అచ్చుల్లో పోసిన పంపు బాడీలన్నీ కోసి చూస్తే లోపల జల్లెడలే.

మేస్త్రి ఇసుక వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఎవరి ఏడుపురా ఇది, ఇంత ఉప్పగా ఉంది?"

"నాదే అనుకుంటా మేస్త్రీ," అన్నాడు చిన్నోడు, ఎవరి గొడుగని అడిగితే చెప్పినట్టు.

"ఏడిస్తే ఇంట్లో ఏడవాలి గానీ, అచ్చులో ఏంట్రా?"

"ఇంట్లో రావట్లేదండీ."

ఇసుక ఎండబెట్టారు. ఆవిరి పోవడానికి సూదితో ఇంకా ఎక్కువ బెజ్జాలు పొడిచారు. అయినా బుడగలే.

"రేపటి పోత కూడా పాడైతే నిన్ను అచ్చుల నుంచి తీసి తుక్కు బండి తోసే పనిలో వేస్తాను. పైవాళ్ల చేత నేనెన్ని తిట్లు తినను?" అన్నాడు మేస్త్రి.

చిన్నోడు సరేనన్నాడు. అచ్చుల దగ్గర తప్ప అన్న నిలబడిన చోటు ఆయనకింకెక్కడా లేదు. ఆ సంగతి ఆయనకి తెలిసిందో లేదో గానీ, అక్కడే ఇసుక కలిపే వదినకి, పెద్దోడి భార్యకి, తెలుసు. మర్నాడు ఆమె చుక్క నీళ్లు పోయకుండా ఇసుకా బంకమట్టీ కలిపి తెచ్చి కుమ్మరించింది.

"పొడిగా ఉంది వదినా."

"నీళ్లు నువ్వు పోస్తావుగా. మళ్లీ నేనెందుకు, దండగ!"

ఆయన చేతులు పెట్టాడు. ఇసుక మెల్లగా తడిసి ముద్దయింది. విరిస్తే శుభ్రంగా రెండైంది. ఆ పోత చల్లారాక మేస్త్రి సుత్తితో కొడితే గంటలా మోగింది. కోస్తే ఒక్క బుడగ లేదు.

ఆనాటి నుంచి చిన్నోడికి పొడి ఇసుకే. పని నిలబడింది. అన్నం రుచి మాత్రం రాలేదు.

పెట్టె తిప్పేటప్పుడు అవతలివైపు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు పట్టేవారు. ఒకరోజు ఎవరూ దొరక్క వదినే వచ్చి పట్టింది. పెద్దోడు నిలబడే చోటే నిలబడి, పెద్దోడు అనేట్టే అంది: "ఊఁ, కానీరా చిన్నోడా!"

పెట్టె తిరిగింది. తిరుగుతుండగానే అచ్చులోని తడంతా వెనక్కి మళ్లింది. ఇసుక పొడిపొడిగా వాళ్ల కాళ్ల మీద జలజలా రాలిపోయింది.

చిన్నోడు చెంప తడుముకున్నాడు. అరచెయ్యి తడిసింది.

మేస్త్రి చూసి అటు తిరిగాడు. వదిన వెళ్లి నీళ్ల చెంబు తెచ్చి అందించింది.

"ఎంత పొయ్యాలి వదినా?" అన్నాడు చిన్నోడు.

"అందరి ఇసుకలో పోసినంతే నాయనా."