మైలో విసిరిన జెండా

మైలో సెడ్లాచెక్ జెండా విసిరి, ఆ వెంటనే కూలిపోయాడు.

శుక్రవారం సాయంత్రం, హార్లో హైస్కూలు మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో జరిగిందిది. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా బ్రెనర్ జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. అప్పుడు హార్లో కుర్రాడొకడు బంతి చంకన పెట్టుకుని ఎడమ పక్కనుంచి దూసుకుపోయి, చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు, ఆరు పాయింట్లు. జనమంతా లేచి వాణ్ణే చూస్తున్నారు. వెనకాల తెల్లటోపీతో నిలబడ్డ పెద్ద రిఫరీ మైలోని ఎవరూ చూడలేదు.

తోటి రిఫరీ లైల్ ప్రొహాస్కా వెనక్కి తిరిగేసరికి గడ్డి మీద పసుపుపచ్చ గుడ్డ, ఆటలో తప్పు చూసిన రిఫరీ విసిరే జెండా అదే. దాని పక్కనే బోర్లా మైలో. లైల్ అతన్ని వెల్లకిలా తిప్పి, అంబులెన్సు వచ్చేదాకా రెండు చేతులతో గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. లాభం లేకపోయింది.

ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే జట్టు రిఫరీలు. మైలోది ట్రాక్టర్లు బాగుచేసే పని. లైల్ ధాన్యం గోదాములో కాటా దగ్గరుంటాడు. శుక్రవారం వస్తే చాలు, చారల చొక్కాలు తొడుక్కుని ఏదో ఒక ఊరికి పోయి, పిల్లల ఆటకి తీర్పులు చెప్పి, వాళ్ల అమ్మానాన్నలచేత తిట్లు తిని వచ్చేవాళ్లు.

శనివారం లైల్ మామూలుగానే పనికెళ్లాడు. మొక్కజొన్న లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి, "అయ్యో, మైలో గురించి విన్నామయ్యా" అంటే "ఆఁ" అని బరువు చెప్పాడు. భుజాలు నొప్పి పుడుతున్నాయి. ఆ నొప్పి తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

ఆదివారం రాష్ట్ర క్రీడా సంఘం నుంచి ఫోనొచ్చింది. రేపు సాయంత్రం ఆట ఆగినచోటునుంచి మొదలుపెట్టాలి, గెలిచినవాళ్లకి ఈ వారమే పై మ్యాచ్ ఉంది, తెల్లటోపీ నువ్వే పెట్టుకోమన్నారు.

"మరి జెండా? తప్పు హార్లో వాళ్లదైతే టచ్‌డౌన్ చెల్లదుగా" అన్నాడు లైల్.

"అది మీరు మైదానంలో తేల్చుకోవాల్సిందే."

సోమవారం మిగిలిన నలుగురూ మైదానం మధ్యలో కలిశారు. ఎడమ పక్కన ఏం జరిగిందో ఎవరైనా చూశారా అని లైల్ అడిగాడు. ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు. పైన కూర్చుని వీడియో తీసినాయన కెమెరా కూడా జనంలాగే బంతి వెంటే పోయింది.

బ్రెనర్ కోచ్ గాలెన్ ఫ్రై టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. నెమ్మదస్తుడు. "చూడు లైల్, మైలో ఊరికే జెండా విసిరే మనిషా? నీకు తెలీదా?"

"తెలుసు."

హార్లో కోచ్ హ్యూబ్నర్ మధ్యలో అందుకున్నాడు. "పాపం, ఆయనకి గుండె ఆగిపోతోంది. చెయ్యి దానంతటదే విసిరి ఉంటుంది. ఇంతకీ తప్పు చేసిందెవడు? నంబరు చెప్పండి. పోనీ, ఏం తప్పో చెప్పండి."

లైల్ ఇద్దరివైపూ చూశాడు. "తప్పు చూసినవాడు చెప్పాలి. చూసినవాడు లేడు. నేను చూడనిది చూశానని చెప్పలేను. టచ్‌డౌన్ ఉంటుంది."

గాలెన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన కాసేపు ఆట ఆడించారు. బ్రెనర్ వాళ్లు గీత దగ్గరిదాకా వచ్చారు గానీ దాటలేకపోయారు. హార్లో గెలిచింది. బ్రెనర్ జనంలోంచి ఒకావిడ అరిచింది: "చచ్చిపోయినవాడి ఆఖరి మాట కూడా నిలబెట్టలేకపోయావు కదయ్యా!" పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు వినబడింది లైల్‌కి. విజిల్ జేబులో వేసుకుని బండి దగ్గరికి నడిచాడు.

అక్కడ హార్లో కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. కొండలాంటి మనిషి, ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. పేరు ఎమెట్ రైకర్. ఎడమ పక్కన ఎదుటివాళ్లకి అడ్డం నిలబడి బంతి పట్టినవాడికి దారిచ్చేది వాడే.

"సార్, ఆ రోజు నేను పట్టుకున్నాను."

"ఏం పట్టుకున్నావు?"

"బ్రెనర్ వాడి చొక్కా. నన్ను దాటి పోతుంటే మెడ దగ్గర పట్టుకుని వెనక్కి లాగేశాను. ఆయన నావైపే చూస్తున్నాడు. జెండా తియ్యడం కూడా చూశాను."

"మీ కోచ్‌కి చెప్పావా?"

"చెప్పాను. నోరు మూసుకోమన్నాడు." వాడు ఒకడుగు దగ్గరికొచ్చాడు. "ఆయన నామీద కోపంతోనే... దానివల్లే పోయాడా సార్?"

"లేదురా. ఆయన నాన్నకీ గుండెపోటు ఇలాగే వచ్చింది. నీవల్ల కాదు." వాడి భుజం మీద చెయ్యి వేయాలని తెలుసు కాబట్టి వేశాడు. "ఇంటికెళ్లు. అన్నం తిను."

ఆట ముగిశాక తీర్పు మార్చడానికి లేదు. లైల్ బండి తీసి తిన్నగా మైలో ఇంటికి పోనిచ్చాడు.

మైలో భార్య ఆర్డిత్ వంటింట్లో ఉంది. ఇరుగుపొరుగు తెచ్చి ఇచ్చిన గిన్నెలు బల్లనిండా ఉన్నాయి. ఎవరి గిన్నె ఎవరిదో చూసుకుంటోంది. లైల్ నిలబడే సంగతంతా చెప్పాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే తెలివిలోనే ఉన్నాడన్నమాట."

"ఉన్నాడు. అందరికంటే బాగా చూశాడు."

"డాక్టరు అన్నాడు, పడకముందే స్పృహ పోయి ఉంటుందని. నిన్నటినుంచీ అదే నన్ను తినేస్తోంది. ఏమీ తెలియకుండా, చీకట్లో నడుస్తున్నట్టు పోయాడేమోనని." కళ్లు తుడుచుకుంది. "బ్రెనర్ వాళ్లకి చెప్తావా?"

"చెప్తే కుర్రాడి పేరు బయటికొస్తుంది."

"వాడి పేరెందుకు? మైలో సంగతి చెప్పు చాలు."

ఒక గిన్నె మూత తీసి, బంగాళాదుంపలూ మాంసమూ పళ్లెంలో పెట్టి ఇచ్చింది. లైల్ తిన్నాడు. ఉప్పుందో లేదో తెలియలేదు. ఆమె ఇంకాస్త వడ్డిస్తే అదీ తిన్నాడు.

బుధవారం చర్చిలో మైలో శవపేటికని మోసినవాళ్లలో నలుగురు చారల చొక్కాల్లో ఉన్నారు. అంతా అయ్యాక గాలెన్ ఫ్రై వచ్చి లైల్ చెయ్యి పట్టుకున్నాడు. "మావాళ్లు నిన్ను నానామాటలూ అన్నారు. మనసులో పెట్టుకోకు. చూడనిది చూడలేదన్నావు, అంతేగా."

"గాలెన్, మైలో సరిగ్గానే చూశాడు."

గాలెన్ చెయ్యి వదల్లేదు. ఎవరు చెప్పారని అడగబోయి ఆగినట్టున్నాడు. పై మ్యాచ్‌కి పోవాల్సింది తన పిల్లలని ఆయనకి అర్థమైంది. తలూపాడు.

"ఎప్పుడైనా సరిగ్గానే చూసేవాడు," అని, ఆర్డిత్‌ని పలకరించడానికి నిలబడ్డ వరసలోకి వెళ్లాడు.

లైల్ మెట్ల మీద నిలబడ్డాడు. పొలాల్లో కోతయంత్రం ఒకటి తిరుగుతోంది. శుక్రవారం ఏ ఊరు వెళ్లాలో జట్టులో ఒకడు వచ్చి అడిగాడు. లైల్ చెప్పాడు.